అమ్మేసిన తిరగలి పాట

"నీ పాట నీ గొంతుతో వినపడితే తీసెయ్యడానికి వాళ్ళెవరు, అమ్మమ్మా?"

"నాది కాదని చెప్తున్నానా! అమ్మేశాను. అమ్మిన వస్తువు మీద పెత్తనం చెయ్యడం మన ఇంటా వంటా లేదు."

"వస్తువేంటి? పాట ఏమన్నా రాగి బిందా?"

"రాగి బిందైతే మళ్ళీ కొనుక్కుందును. దీనికి ఆ దారీ లేదు. ముందు ఆ ఫ్యాను ఆపు. నువ్వు ఇక్కడ వరండాలో నిలబడి అరుస్తున్నావు, అది లోపల గోడలకి విసురుతోంది."

"మాట మార్చకు. ఆ కాగితం ఏదీ? ఇటియ్యి, నేను చదువుతా."

"సంతకం పెట్టింది నేను. నువ్వు చదివితే అది మారుతుందా?"

"నువ్వు చదివావా అసలు?"

బియ్యంలో రాళ్ళేరుతున్న చేట పక్కన పెట్టి లేచిపోయాను.

మొన్న ఆదివారం మా మనవరాలికీ నాకూ జరిగిన తగువు ఇది. మా అమ్మాయి కూతురు, బెజవాడలోనే కాలేజీలో పాఠాలు చెబుతుంది. అటక దులుపుతుంటే దానికి పాత క్యాసెట్టు ఒకటి దొరికింది. దాన్ని ఎవరికో ఇచ్చి ఫోనులో వినపడేలా చేయించి, నా ఫొటో ఒకటి తగిలించి, నాకు చెప్పకుండా లోకం మీదకు వదిలింది. మూడో రోజుకల్లా అది మాయమై, ఈ పాట ఫలానా కంపెనీ సొత్తు, మీకు హక్కు లేదని ఒక నోటీసు వచ్చిందట. ఆ ఫలానా కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. మేము పాడిన కంపెనీ ఎప్పుడో మూతపడితే దాన్ని ఒకరు కొన్నారట, వాళ్ళ దగ్గర ఇంకొకరు కొన్నారట. అంటే ఆ దుకాణంలోని కుర్చీలూ బీరువాలతో పాటు మా గొంతులు కూడా చేతులు మారాయన్నమాట. పోనీ, వాళ్ళ టేపు వాళ్ళని ఉంచుకోనీ, నువ్వు ఇప్పుడు కొత్తగా పాడు, నేను తీస్తానని మనవరాలు. పాడనని నేను. అక్కడ రాజుకుంది.

నా ఈడువాళ్ళకు తిరగలి గురించి చెప్పక్కర్లేదు. ఈ కాలం పిల్లలు దాన్ని హోటళ్ళ ముందు పూలకుండీల పక్కన అలంకారానికి పెడితే చూస్తున్నారు. ఉయ్యూరు పక్కన మా అత్తవారి ఊళ్ళో, వరి కోతలయ్యాక మాగాణిలో మినుము తీసి ఇంటికి తెస్తే, ఆ మినుములు విసిరి పప్పు చేసే పని కోడళ్ళది. ఇద్దరు కోడళ్ళం. మా ఆయన అన్నగారి భార్య, నా తోడికోడలు. నేను అక్కా అనే పిలిచేదాన్ని, నాకు సొంత అక్కలు లేరు కూడా. తిరగలికి అటు తనూ ఇటు నేనూ కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒకే పిడిని ఇద్దరం పట్టుకుని తిప్పేవాళ్ళం. తన చేతి మీద నా చెయ్యి, నా చేతి మీద తన చెయ్యి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తనతో మాట్లాడటానికి భయపడేదాన్ని గానీ, నాలుగు రోజులు తిరగలి ముందు కూర్చునేసరికి ఆ భయం మినప్పొట్టులా ఎగిరిపోయింది.

పాట మా అత్తగారిది. ఆవిడ తన అత్తగారి దగ్గర విన్నదానికి సొంతంగా మరికొంత కలుపుకుంది. కాలువ మీద పడవలు తిరిగే రోజుల పాట అది. కొత్త కోడలు పడవెక్కి పుట్టింటికి పోతుంటుంది. ఒకరు రేవు రేవుకీ ఇది ఏ ఊరని అడగాలి, ఎదుటివారు ఊరి పేరు చెప్పి, ఆ పేరు మొదటి అక్షరంతోనే ఒక పని చెప్పాలి.

పడవెళ్ళే దారమ్మా, ఏ రేవు వచ్చెనమ్మా?
ఉయ్యూరు వచ్చెనమ్మా, ఊపిరి పీల్చవమ్మా.

ఇలా పదహారో పదిహేడో ఊళ్ళు. చివరన ఇద్దరి పుట్టిళ్ళూ రావాలి. అక్కడొక కట్టుబాటు ఉండేది. ఎవరి పుట్టింటి పేరు వాళ్ళు చెప్పకూడదు, ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పాలి. తన నోటితో తాను చెప్పుకుంటే పడవ ఆ రేవులో ఆగదని మా అత్తగారు అనేది. అక్కది కూచిపూడి అవతల తుమ్మలమడుగు. నాది కొమ్మలపాడు. నేను అక్కకి, "తుమ్మలమడుగొచ్చెనమ్మా, తుడుచుకో కన్నులమ్మా" అనేదాన్ని. అక్క నాకు, "కొమ్మలపాడొచ్చెనమ్మా, కొంగు సర్దుకోవమ్మా" అనేది. రెండు ఊళ్ళూ వచ్చేసరికి కొలిచినట్టు సరిగ్గా మానికెడు పప్పు దిగేది. మా ఇంట్లో గడియారం లేదు, దాని అవసరమూ రాలేదు. నాలుగు మానికలు కావాలంటే మా అత్తగారు నాలుగు పాటలు విసరండే అనేది. పుట్టింటికి ఏడాదికోసారి పంపితే గొప్ప; పాటలో మాత్రం మినుముల రోజుల్లో పూటకి నాలుగుసార్లు వెళ్ళి వచ్చేవాళ్ళం.

మా అత్తగారు పోయిన కొన్నాళ్ళకి, ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళ పాటలు వెతుకుతూ ఒక హార్మోనియం మాస్టారు వచ్చాడు. క్యాసెట్ల కాలం మొదలైన రోజులవి. బెజవాడలో క్యాసెట్లు వేసే కంపెనీకి ఆయన పాటలు వెతికిపెట్టేవాడు. మనిషి మంచివాడు. చొక్కా కాలరు చిరిగినా ఇస్త్రీ చెదరనిచ్చేవాడు కాదు. మా పాట విని, మజ్జిగ తాగడం మానేసి గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

బస్సెక్కి బెజవాడ వెళ్ళాం. గవర్నరుపేటలో మేడ మీద గది. గోడలకు గోనెపట్టాలు కొట్టి, కిటికీలు మూసి, చప్పుడవుతుందని ఫ్యాను కూడా ఆపేశారు. తీరా పాడమంటే మాకు పాట రాలేదు. నాలుగో ఊరు దగ్గరే తప్పు పోయింది. మళ్ళీ మొదలెడితే మళ్ళీ అక్కడే. చేతులు ఊరికే ఒళ్ళో పెట్టుకుని ఆ పాట ఎప్పుడూ పాడి ఎరగం మరి. తిరగలి కావాలంటే ఆ గదిలోవాళ్ళు నవ్వారు. చివరికి అక్క, మంచినీళ్ళిచ్చిన స్టీలు గ్లాసును నేల మీద బోర్లించి పెట్టి, నువ్వు అటు పట్టుకోవే అంది. ఇద్దరం ఆ గ్లాసు మీద చేతులు వేసి గాలిలో తిరగలి తిప్పినట్టు తిప్పుతూ పాడాం. ఒక్క ఊరు తప్పు పోలేదు. పాట అయ్యాక అక్క నా చెవిలో, మానిక పప్పు గాలికి పోయిందే, అని నవ్వింది.

తర్వాత కంపెనీ ఆయన బల్ల ముందు కూర్చోబెట్టి ఇంగ్లీషులో అచ్చువేసిన కాగితాలు పెట్టాడు. ఇకనుంచి ఈ పాట కంపెనీ సొత్తు, మీరు ఇంకెక్కడా పాడకూడదు, అన్నాడు. అక్క బొటనవేలు చాపింది. ఇంకు దేనికిలే, చదువుకున్నావిడ ఉంది కదా, ఒక్క సంతకం చాలు, అన్నాడు. ఆ చదువుకున్నావిడను నేను. నా చదువు మూడో తరగతి. మా ఊళ్ళో ఆడవాళ్ళలో సంతకం పెట్టగలదాన్ని నేనొక్కదాన్నే అని నాకు కొంచెం మిడిసిపాటు ఉండేది, ఇప్పుడు దాచి లాభం లేదు. ఇందులో ఏం రాశారండీ అని అడిగితే నాకు ఇంగ్లీషు రాదని ఆ గదిలో అందరికీ తెలిసిపోతుంది. అందుకని చదివినట్టే కాగితం పై నుంచి కింద దాకా చూసి, అక్షరాలు పొందిగ్గా దిద్ది సంతకం పెట్టాను. చెరొక చీరా, ఒక కవరూ ఇచ్చారు. కాగితం నకలు ఒకటి నాకిచ్చారు. కవరులో డబ్బుతో మా వంటపాకకు రేకులు వేయించాం.

క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద ఎవరో అమ్మాయి చంకలో బిందె పెట్టుకుని నవ్వుతోంది. మా పేర్లు లేవు, బృందం అని ఉంది. అంతకన్నా నన్ను పొడిచింది ఏమిటంటే, పాట నాలుగు ఊళ్ళకే అయిపోయింది. బెజవాడ, ఉయ్యూరు లాంటి జనం ఎరిగిన పేర్లు ఉంచి, మిగతావి కోసేశారు. తుమ్మలమడుగు లేదు. కొమ్మలపాడు లేదు. నడుమ ఎక్కడెక్కడి వాయిద్యాలో తెచ్చి పోశారు.

అయినా ఆ క్యాసెట్టు ఆడింది. బందరు బస్సుల్లో, పెళ్ళి పందిళ్ళ మైకుల్లో, చెరుకు తోలే బళ్ళు ఆగే టీకొట్ల దగ్గర, ఎక్కడ చూసినా మేమే. మేమే అని మాత్రం ఎవరికీ తెలియదు. మా ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరి, ఆ పాట మీ అత్తగారిదే కదా, పాడండమ్మా అన్నారు. నేను పాడకూడదన్నాను. అక్క అప్పటికే గొంతెత్తింది. మోచేత్తో పొడిచి ఆపాను.

"మన పాటేనే!" అంది.

"మనది కాదక్కా. అమ్మేశాం. ఆ డబ్బు రేకుల కింద పొయ్యి రాజేసుకుంటూ మళ్ళీ పాడితే దొంగతనం."

"అమ్మిన గేదె పాలు పిండకూడదు, ఒప్పుకున్నా. దారిలో ఎదురుపడితే పేరు పెట్టి పిలవకూడదా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజు నుంచి అక్క నా ఎదుట ఆ పాట ఎత్తలేదు. తిరగలి దగ్గర మాటలు చెప్పుకుంటూ విసిరేవాళ్ళం గానీ, మాటలకు ఊళ్ళ లెక్క ఉండదు కదా, ఒకరోజు మానికకు ఎక్కువ, ఒకరోజు తక్కువ. తర్వాత ఊళ్ళోకి మర వచ్చింది, తిరగలి గోడవార చేరింది.

ఒక వేసవిలో హార్మోనియం మాస్టారు మళ్ళీ వచ్చాడు. ఈసారి చొక్కాకి ఇస్త్రీ లేదు. కంపెనీ తన చేత కట్టించుకున్న వరసలన్నీ తనవి కాదందట. బుర్రకథ దళం వాళ్ళ కథను వాళ్ళే ఇంకో కంపెనీకి చెప్పబోతే కోర్టుకి లాగుతామన్నారట. సన్నాయి ఆయన ఒకడు, భజన పాటలు పాడేవాడు ఒకడు, అందరికీ ఇదే గోడు. కంపెనీ మెట్ల ముందు ఒక పూట అందరం కూర్చుందాం, మీరిద్దరూ రండమ్మా, ఆ కాగితం ఒకసారి ఇవ్వండి, తెలిసిన ప్లీడరు చేత చదివిస్తానని బతిమాలాడు. నేను పెట్టె తాళం తియ్యలేదు. సంతకం పెట్టే ముందు చూసుకోవాలి గానీ పెట్టాక ఏడవడం ఏమిటి మాస్టారూ, అన్నాను. ఆయన్ని అన్న ఆ మాట నన్ను నేను అనుకోవాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది. నేను చదవకుండా పెట్టానన్న సంగతి ఆ ప్లీడరు ముందు బయటపడుతుందనే నా భయమంతా. అక్క అప్పటికే మంచి చీర తీసి మంచం మీద పెట్టుకుంది. నేను రానన్నానని దాన్ని మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేసింది. వాళ్ళు వెళ్ళి కూర్చున్నారట. ఎవరి కాగితం వాళ్ళకు చూపించి, ఎవరి సంతకం వాళ్ళకు చూపించి పంపించేశారట. వాళ్ళను మళ్ళీ ఏ కంపెనీ పిలవలేదని విన్నాను.

ఇక చెప్పవలసింది ఒకటుంది. ఇది నేను ఇంతవరకూ మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

అక్కకు జబ్బు చేసి మంచాన పడ్డప్పుడు నేను బెజవాడ నుంచి ఉయ్యూరు వెళ్ళి, వాళ్ళబ్బాయి ఇంట్లో తన దగ్గర పదిరోజులు ఉన్నాను. ఒకనాటి మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, ఒక్కసారి మన పాట పాడవే, అంది. నాకు గొంతు దాకా వచ్చింది. కానీ ఒకసారి ఇచ్చిన మాట మనిషి మంచాన పడితే మాత్రం చెల్లదా అనే మొండితనం ఒకటి నాలో ఉంది చూశారూ, అది అడ్డం పడింది. లేచి వెళ్ళి వాళ్ళబ్బాయి టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టాను. మా గొంతులే, వయసులో ఉన్న గొంతులు. అక్క కళ్ళు మూసుకుని నాలుగు ఊళ్ళూ వింది. వాయిద్యాలు ఆగిపోయాక ఇంకా వస్తుందేమోనని కాసేపు చూసింది.

"ఇందులో మా ఊరు లేదే," అంది.

అటు గోడవైపు తిరిగి పడుకుంది. తుమ్మలమడుగు వచ్చిందని చెప్పవలసినదాన్ని నేను. ఇంకెవరు చెప్పినా చెల్లదు, తనంతట తాను చెప్పుకున్నా చెల్లదు. నేను టేపు వెనక్కి తిప్పి, పాడవకుండా డబ్బాలో పెట్టి, వచ్చేటప్పుడు నాతో తెచ్చేసుకున్నాను. ఆ నెలాఖరుకి అక్క పోయింది.

మనవరాలు అటక మీద దొరికించుకున్నది ఆ క్యాసెట్టే.

తగువు పడ్డ సాయంత్రం అది మొహం ముడుచుకుని మెట్ల మీద కూర్చుంటే, పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఊళ్ళన్నీ వరసగా చెప్పించుకుని వింది. మధ్యలో ఫోను తియ్యలేదు, అదొక మర్యాద దానికి తెలుసు. అన్నీ విని, పాపం పెద్దమ్మమ్మ, అని ఊరుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఈ రోజుల్లో పాటకు కొదవేముంది, ప్రతివాడి జేబులోనూ వెయ్యి పాటలు. కాలువ మీద పడవలు లేవు, మా అత్తవారి ఊరి నుంచి కొమ్మలపాడుకి ఆటోలో పావుగంట. పుట్టింటికి వెళ్ళాలని ఏడ్చే కోడళ్ళూ లేరు, అది మంచిదే, ఆ ఏడుపు మళ్ళీ రావాలని నేను కోరను. నేను కోరేది వేరు. పాట అన్నాక ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండేది. నీ ఊరి పేరు నీకు చెప్పడానికి ఒకరు కావలసి వచ్చేది. ఇప్పుడు ఎవరి చెవుల్లో వాళ్ళు పెట్టుకుని వింటున్నారు. నేను బల్ల మీద సంతకం పెట్టి ఇచ్చింది గొంతునే అనుకున్నాను గానీ, ఆ ఎదుటి మనిషిని కూడా దానితో పాటే ఇచ్చేశానని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు ఉదయం కాఫీలయ్యాక పెట్టె తీసి కాగితం మనవరాలి చేతికిచ్చాను. రెండు పుటలు. మడతల దగ్గర చిరుగుతుంటే కింద పళ్ళెం పెట్టుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికి వచ్చి చదివింది. టేపులో ఉన్నది ఎప్పటికీ కంపెనీదేనట. ఈ పాటను మూడేళ్ళ దాకా ఇంకే కంపెనీకీ రికార్డు చేసి ఇవ్వకూడదట. ఇంట్లో గానీ పెళ్ళిలో గానీ నోటితో పాడుకోకూడదని ఎక్కడా లేదు. అక్క పేరు అసలు ఆ కాగితంలోనే లేదు. మనవరాలు వేలు పెట్టి నా సంతకం చూపించి, ఇదొక్కటే ఉంది అమ్మమ్మా, అంది.

నేను కాగితం మడిచి పెట్టెలో పెట్టి తాళం వేశాను. రాత్రి నానబోసిన పొట్టు మినప్పప్పు వంటింట్లో ఉంది, మానిక పప్పు. గిన్నె మధ్యలో పెట్టి మనవరాలిని ఎదురుగా కూర్చోమన్నాను. ఫోను తేనా అంది. వద్దన్నాను. ఇద్దరం గిన్నెలో చేతులు పెట్టి పొట్టు పిసుకుతూ మొదలుపెట్టాం. గొంతు రెండు చోట్ల జీరపోయింది. ఊళ్ళలో ఒకటి మనవరాలు మరిచిపోతే వెనక్కి వెళ్ళి అందుకున్నాం. తుమ్మలమడుగు నేను చెప్పాను. ఆ తర్వాత, ఏ రేవు వచ్చెనమ్మా అని అడిగి ఆగాను.

"కొమ్మలపాడొచ్చెనమ్మా," అంది మనవరాలు, "కొంగు సర్దుకోవమ్మా."

తడి చేత్తోనే కొంగు సర్దుకున్నాను. పప్పు తెల్లగా తేలింది. రుబ్బి గారెలు వండాం.